తల వంచి చూసిన కెమెరా

1936 మార్చి. కాలిఫోర్నియాలో ఒకటే వాన. నెల రోజులుగా ఊళ్లు పట్టుకు తిరిగిన ఒకామె, త్వరగా ఇల్లు చేరాలన్న ఆత్రంతో ఒంటరిగా కారు నడుపుకుంటూ పోతోంది. నిపోమో అనే ఊరి దగ్గర, బఠాణీ కోతకొచ్చిన కూలీల గుడారాలు అటువైపున్నాయని చెప్పే బోర్డు కనిపించింది. చూసీ చూడనట్టు దాటేసింది. ఇరవై మైళ్లు పోయాక ఇక మనసు ఊరుకోలేదు. కారు వెనక్కి తిప్పింది.

ఆమె డొరొతియా లాంగ్. ఆ రోజు ఆమె తీసిన ఫొటోని మీరూ ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. నుదుటి మీద ముడతలు, చెంపకి ఆనించిన చెయ్యి, ఎటో చూస్తున్న కళ్లు. చెరో భుజం మీద మొహం దాచుకున్న ఇద్దరు పిల్లలు, ఒళ్లో పసిబిడ్డ. 'వలస తల్లి' అన్న పేరుతో ప్రపంచమంతా తిరిగిన బొమ్మ అది.

డొరొతియా 1895లో న్యూజెర్సీ రాష్ట్రంలోని హొబోకెన్‌లో పుట్టింది. ఏడేళ్లప్పుడు పోలియో వచ్చింది. ప్రాణం దక్కింది గానీ కుడికాలు ఈడ్చి నడవడం జీవితాంతం తప్పలేదు. పన్నెండేళ్లప్పుడు తండ్రి ఇల్లు విడిచి వెళ్లిపోయాడు. పెద్దయ్యాక ఆయన ఇంటిపేరు తీసేసి, తల్లి పుట్టింటి పేరు పెట్టుకుంది. పంతులమ్మ ఉద్యోగానికి చదివిద్దామని ఇంట్లోవాళ్లు అనుకుంటుంటే, తను మాత్రం ఫొటోగ్రాఫర్ అవుతానని తేల్చి చెప్పేసింది. విచిత్రం ఏమిటంటే, అప్పటికి ఆమె చేతిలో కెమెరా అన్నదే లేదు!

న్యూయార్క్ స్టూడియోల్లో పని నేర్చుకుని, 1918లో స్నేహితురాలితో కలిసి ప్రపంచయాత్రకి బయల్దేరింది. శాన్‌ఫ్రాన్సిస్కో చేరేసరికి డబ్బు కాస్తా దొంగల పాలైంది. చేసేదిలేక అక్కడే ఉద్యోగంలో చేరి, మరుసటేడే సొంత స్టూడియో పెట్టేసింది. డబ్బున్న కుటుంబాలు వరస కట్టాయి. చిత్రకారుడు మేనార్డ్ డిక్సన్‌ని పెళ్లాడింది. ఇద్దరు కొడుకులు పుట్టారు.

స్టూడియో పని తీరు వేరు. స్టాండు మీద పెద్ద కెమెరా, దాని వెనక నల్లగుడ్డ. ఆ గుడ్డలో తల దూర్చి చూస్తే గరుకు గాజుపలక మీద ఎదుటి మనిషి తలకిందులుగా కనిపిస్తాడు. అంతా సరిచూసుకుని ఫిల్ము దూర్చాక, ఇక కెమెరాలోంచి చూడ్డానికి వీల్లేదు. కుర్చీలో కదలకుండా కూర్చునే పెద్దమనుషులకైతే అది బాగానే సరిపోతుంది.

కానీ కిటికీ బయట లోకం మారిపోతోంది. 1929 తర్వాత వచ్చిన ఆర్థిక సంక్షోభంలో ఉద్యోగాలు ఊడిన జనం వీధుల్లో బారులు తీరారు. స్టూడియో కిటికీలోంచి రోజూ వాళ్లని చూస్తున్న డొరొతియా, 1933లో ఒకరోజు కెమెరా తీసుకుని కిందికి దిగింది. ఉచిత రొట్టె కోసం నిలబడ్డ గుంపులో అందరూ అటు తిరిగి ఉంటే, ఒక్క ముసలాయన మాత్రం ఇటు తిరిగి, కర్ర కంచె మీద చేతులానించి, మధ్యలో ఖాళీ డబ్బాతో నిలబడి ఉన్నాడు. ఆ ఫొటోతో ఆమె దారే మారిపోయింది.

ఆమె వీధిలోకి తీసుకెళ్లిన కెమెరా పేరు గ్రాఫ్లెక్స్. దీని గురించి కాస్త చెప్పుకోవాలి, ఎందుకంటే ఆమె ఫొటోల గుణమంతా ఇందులోనే ఉందని నాకనిపిస్తుంది. ఆ రోజుల్లో పత్రికలవాళ్లు ఎక్కువగా వాడిన పెద్ద కెమెరాలకి వ్యూఫైండర్ ఒక పక్కగానో, పైనో విడిగా ఉండేది. కంటికి ఆనించి, గురి చూసి నొక్కడమే. వేగంగా పనైపోతుంది. అయితే కన్ను చూసేది ఒకచోట నుంచి, లెన్స్ చూసేది ఇంకోచోట నుంచి. గుమ్మంలో నిలబడి చూస్తే కనపడే వీధికీ, పక్క కిటికీలోంచి కనపడే వీధికీ తేడా ఉండదూ? అలాంటిదే ఇదీ. దూరంగా ఉన్నవాటికి ఫరవాలేదు గానీ, మనిషికి బాగా దగ్గరగా వెళ్తే ఆ తేడాలోనే తలో, చెయ్యో తెగిపోతుంది.

గ్రాఫ్లెక్స్‌లో ఈ బాధ లేదు. లెన్స్ వెనకే ఏటవాలుగా ఒక అద్దం ఉంటుంది. లెన్స్ చూసిందే ఆ అద్దం మీంచి పైనున్న గాజుపలక మీద పడుతుంది. వెలుతురు చొరబడకుండా చుట్టూ తోలు గొట్టం. తల వంచి అందులోకి చూడాలి. బొమ్మ నిటారుగానే ఉంటుంది, కుడి ఎడమలు మాత్రం తారుమారు. నాలుగంగుళాల వెడల్పు, అయిదంగుళాల పొడవున్న ఫిల్ము మీద ఏం పడుతుందో దాదాపు అదే సైజులో ముందే కనిపిస్తుంది. మీట నొక్కగానే అద్దం టపీమని పైకి లేస్తుంది, ఆ క్షణం మాత్రం ఏమీ కనపడదు. బరువూ ఎక్కువే, చీకటి పడితే పలక మీద బొమ్మ మసకబారుతుంది కూడా. అయినా ఆమె దాన్నే పట్టుకుంది. ఎదుటి మనిషి మొహానికి గురిపెట్టినట్టు కాకుండా, తలవంచి నిలబడే మనిషంటే కష్టంలో ఉన్నవాళ్లకి బెరుకు తగ్గదూ మరి!

నిపోమో గుడారం దగ్గర ఏం జరిగిందో ఆ వరస ఫొటోలే చెబుతాయి. మొదట దూరం నుంచి. గుడారమంతా కనిపిస్తుంది, సామాను, కుర్చీలో కూర్చున్న పెద్దపిల్లతో సహా. తర్వాత ఇంకాస్త దగ్గరికి. ఒక్కో ఫొటోకీ ఒక్కొక్కటీ పక్కకి పోతూ వచ్చింది. పెట్టె పోయింది, పెద్దపిల్ల పోయింది. ఆఖరిదాంట్లో తల్లి, మొహాలు అటు తిప్పుకున్న ఇద్దరు, చంటిబిడ్డ... అంతే మిగిలారు. అంతా కలిపి పది నిమిషాల పని.

ఇంత చూసుకున్నా ఒకటి లోపలికొచ్చేసింది. కుడివైపు కింది మూలలో, గుడారపు కర్రని పట్టుకున్న తల్లి బొటనవేలు. అది డొరొతియాని ఎంత బాధించిందంటే, కొన్నేళ్లకి నెగటివ్ మీద దాన్ని చెరిపించేసింది. ఆమె పనిచేసిన ప్రభుత్వ ఫొటో విభాగం అధిపతి రాయ్ స్ట్రయికర్‌కి అది నచ్చలేదు. ఉన్నది ఉన్నట్టు చూపాల్సిన ఫొటోని దిద్దుతారా అని ఆయన అభ్యంతరం.

బొటనవేలి సంగతి సరే, అసలు మనిషి సంగతో? ఆ తల్లి పేరేమిటో డొరొతియా అడగలేదు. ఆ రోజు తీసిన ఫొటోలు శాన్‌ఫ్రాన్సిస్కో పత్రికలో పడగానే ప్రభుత్వం ఆ గుడారాలకి ఇరవై వేల పౌండ్ల తిండిసామాను పంపింది. అది చేరేసరికి ఆ కుటుంబం అక్కణ్నుంచి వెళ్లిపోయింది. తిండి కోసం కారు టైర్లు అమ్ముకున్నారని డొరొతియా రాసింది. అదేం లేదని ఆ కుటుంబం తర్వాత చెప్పింది. ఆమె ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. ఆ ఫొటో తనకి ఒక్క పైసా తెచ్చిపెట్టలేదని ఆవిడ బాధ. ప్రభుత్వపు ఫొటో కాబట్టి డొరొతియాకి కూడా దానిమీద రాయల్టీ లేదు. 1983లో ఆవిడ జబ్బుపడితే మాత్రం, ఆ ఫొటో గుర్తున్న జనం పాతిక వేల డాలర్లకి పైగా పంపారు.

ఇంకోటి చెప్పకపోతే కథ సగమే అవుతుంది. ఊళ్లు తిరిగి పిల్లల తల్లుల్ని ఫొటోలు తీసిన ఈ తల్లి, తన కొడుకులిద్దర్నీ డబ్బిచ్చి వేరేవాళ్ల ఇళ్లల్లో ఉంచింది. మొదట సంక్షోభం రోజుల్లో, మళ్లీ 1935లో ఆర్థికశాస్త్ర ఆచార్యుడు పాల్ టేలర్‌ని రెండో పెళ్లి చేసుకుని ఆయనతో పల్లెల వెంట తిరిగినప్పుడు. పెద్దకొడుకు డేనియల్ ఆ కోపం చాలాకాలం మోశాడు.

1942లో అమెరికా ప్రభుత్వం జపాన్ మూలాలున్న తన సొంత పౌరుల్ని శిబిరాలకి తరలిస్తుంటే, వాటిని ఫొటోలు తియ్యమని డొరొతియానే పంపారు. ఆమె తీసినవి చూసిన సైన్యానికి గుండె గుభేలుమంది. ఆ ఫొటోల్ని యుద్ధం అయ్యేదాకా బయటికి రానివ్వలేదు.

1954లో ఐర్లండ్ పల్లెలకి వెళ్లింది. ఈసారి వెంట వెళ్లింది ఎవరో కాదు, ఆ డేనియలే. తల్లి ఫొటోలు తీసింది, కొడుకు రాశాడు. జబ్బు ముదిరిన ఆఖరి ఏళ్లలో సముద్రం ఒడ్డున చిన్న చెక్క ఇంట్లో సెలవులు గడుపుతూ, ఇసకలో ఆడుకునే మనవలూ మనవరాళ్లని ఫొటోలు తీసుకుంది. 1965 అక్టోబర్‌లో కేన్సర్‌తో కన్నుమూసింది. న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియంలో తన ప్రదర్శన కోసం ఏ ఫొటో ఏ గోడ మీద అని చివరిదాకా చూసుకుంటూనే ఉంది. అది తెరుచుకున్నది మరుసటి జనవరిలో.

'వలస తల్లి' ఈసారి కనిపిస్తే కుడివైపు కింది మూల ఓసారి చూడండి. చెరిపించిన బొటనవేలి నీడ పల్చగా ఇంకా ఉంది.