చదువు రాని సర్దారు కట్టిన ఫౌజు - హైదర్ అలీ

మన చౌడేపల్లె, పుంగనూరు పక్కల పిల్లవాణ్ని బడి మాన్పించి పనిలో పెట్టే తండ్రులు కొందరు ఒక మాట అంటుంటారు. హైదర్ అలీ ఏ బడికి పోయినాడు, అయినా మైసూరు ఏలలేదా అని. ఉర్దూ బడిలో పాఠం చెప్పుకునే మాకు ఈ మాట కొత్తది కాదు. ఆయనకు చదువు రాదన్నది నిజమే. చేవ్రాలు చేయవలసి వస్తే తన పేరులోని మొదటి అక్షరం ఒక్కటి మాత్రం గీసేవాడు. అయితే ఆ ఒక్క నిజాన్నే పట్టుకొని మిగతాదంతా వదిలేస్తే ఆయనకు అన్యాయం, మన పిల్లలకు అంతకన్నా పెద్ద అన్యాయం. అందుకని ఆయన ఒక చిన్న రాజ్యపు ఫౌజును ఎట్లా మార్చినాడో, ఆ మార్పు ఎంతవరకు నిలిచిందో ఈ సంచికలో మనవి చేస్తున్నాము.

హైదర్ అలీ మనకు పరాయివాడు కాదు. సుమారు 1720లో కోలారు సీమలోని బూదికోటలో పుట్టినాడు. కుప్పం పొలిమేర దాటితే ఆ ఊరు ఎంతో దూరం లేదు. తండ్రి ఫతే ముహమ్మద్ సిరా నవాబు కొలువులో సర్దారుగా ఉండి, కొడుకు చిన్నవాడుగా ఉండగానే యుద్ధంలో చనిపోయినాడు. హైదర్‌కు ఇంటి భాష హిందుస్తానీ. దానితోపాటు కన్నడం, మరాఠీ, తెలుగు, తమిళం మాట్లాడేవాడు. భార్య ఫాతిమా ఫక్రున్నిసా కడప కిల్లేదారు మీర్ మొయినుద్దీన్ కూతురు. ఆమె కొడుకే టిప్పు. ఆమె తమ్ముడు మీర్ అలీ రజా ఖాన్ గుర్రంకొండ కోటను ఏలినవాడు. గుర్రంకొండలోని ఆయన మఖ్బరాను మదనపల్లె వైపు వాళ్లు చాలామంది చూసే ఉంటారు. ఇట్లా ఈ కథలో సగం మన చుట్టుపక్కల ఊళ్లదే.

ఆ రోజుల్లో మైసూరు పెద్ద రాజ్యమేమీ కాదు. ఉత్తరాన మరాఠాలు, ఒక పక్క నిజాం, తూర్పున ఆర్కాటు నవాబు, ఆయన వెనక ఇంగ్లీషు కంపెనీ. ఎవరికి డబ్బు కావలసినా మైసూరు మీదికి వచ్చి కప్పం అడిగేవాళ్లు. ఇవ్వకపోతే ఊళ్లు దోచుకొని పోయేవాళ్లు. అడ్డుకోవలసిన ఫౌజు ఎట్లా ఉండేదంటే, ఒక్కొక్క సర్దారు తన మనుషులను తాను తెచ్చుకునేవాడు. సిపాయి సర్కారు మాట కాదు, తన సర్దారు మాట వినేవాడు. రౌతు ఎక్కిన గుర్రం రౌతు సొంతం. అది చచ్చిపోతే ఇంటిల్లిపాది కూడు పోయినట్టే. అట్లాంటివాడు గుర్రాన్ని తుపాకుల ముందుకు ఎందుకు తోలుతాడు? జీతాలు నెలల తరబడి బాకీ పడితే ఫౌజు దొర ఇంటి ముందరే ధర్నాకు కూర్చునేది. దేశాన్ని కాపాడవలసిన ఫౌజే దేశానికి బరువైన కాలం అది.

హైదర్ మొదట 1749లో దేవనహళ్లి ముట్టడిలో ధైర్యం చూపించి పైవాళ్ల కంట్లో పడినాడు. మరుసటి ఏడు చివర నాసిర్ జంగ్ హతమైన గందరగోళంలో ఆయన ఖజానాలో కొంత హైదర్ మనుషుల చేతికి చిక్కింది. ఆ డబ్బుతో మనుషులనూ తుపాకులనూ పెంచుకున్నాడు. ఆ తర్వాత తిరుచిరాపల్లి యుద్ధాల్లో కొన్నేళ్లు గడిపినాడు. అక్కడే ఆయన కళ్లు తెరుచుకున్నాయి. వేల గుర్రాలు పోయి ముట్టడిస్తున్నా, కొన్ని వందల మంది ఫ్రెంచి, ఇంగ్లీషు సిపాయిలు వరుస తప్పకుండా నిలబడి, ఒక్క హుకుం మీద కాల్చి వాళ్లను చెదరగొట్టడం చూసినాడు. తక్కిన సర్దార్లు కూడా అదే చూసినారు. వాళ్లు దాన్ని తెల్లవాళ్ల అదృష్టం అనుకున్నారు. హైదర్ మాత్రం అది కసరత్తు ఫలం అని గ్రహించినాడు. కసరత్తు అయితే ఎవరైనా నేర్చుకోవచ్చు గదా.

1755లో ఆయన దిండిగల్లు ఫౌజుదారు అయినాడు. ఫ్రెంచివాళ్ల దగ్గర పనిచేసిన చేతిపనివాళ్లను రప్పించి అక్కడ ఆయుధాల కార్ఖానా పెట్టించినాడు. ఫిరంగుల పని, మందుగుండు పని, చకుముకి తుపాకుల మరమ్మతు సొంత గడ్డ మీదనే సాగేటట్టు చూసినాడు. లెక్కలు చూడడానికి ఖండే రావును పెట్టుకున్నాడు. తనకు అక్షరం రాకపోయినా, లెక్క లేకుండా ఫౌజు నిలవదని ఆయనకు బాగా తెలుసు. 1758లో బెంగళూరు మీదికి వచ్చిన మరాఠాలను తిప్పికొట్టినాడు. 1761కి మైసూరు పెత్తనమంతా ఆయన చేతికి వచ్చింది. వడయార్ రాజు పేరుకు సింహాసనం మీద ఉన్నాడు.

ఇక అసలు మార్పులు. కాల్బలాన్ని దళాలుగా విడదీసి, యూరపువాళ్ల పద్ధతిలో రోజూ కసరత్తు చేయించినాడు. అది నేర్పడానికి ఫ్రెంచివాళ్లను జీతమిచ్చి పెట్టుకున్నాడు. రౌతుల్లో సొంత గుర్రాలవాళ్లతోపాటు సర్కారు గుర్రాలు ఎక్కే దళాన్ని బాగా పెంచినాడు. ఆ గుర్రం చచ్చినా నష్టం సర్కారుది కాబట్టి రౌతు వెనుదీయడు. కొలువులోకి తీసుకునేటప్పుడు కులమూ మతమూ కాదు, పనితనం చూసినాడు. బోయలు, రాజపుత్రులు, ముస్లిములు, మరాఠాలు, క్రైస్తవులు ఆయన ఫౌజులో పక్కపక్కనే నడిచినారు. ఖజానా, లెక్కలు కృష్ణారావు, పూర్ణయ్య వంటివారు చూసేవారు.

ఎడ్ల సంగతి కూడా చెప్పుకోవాలి. మన పుంగనూరు ఆవు పొట్టిది, పాలకు పేరు పడింది. మైసూరు అమృత్ మహల్ ఎద్దు బక్కపలచనిది, నడకకు పేరు పడింది. ఫిరంగులు, మందుగుండు, తిండిగింజలు లాగడానికి హైదర్ ఈ ఎడ్లను వాడుకున్నాడు. ఫిరంగి వెనకబడితే ఫౌజు కూడా ఆగిపోవలసిందే. ఇంగ్లీషు దండు ఎడ్ల కోసం, ధాన్యం కోసం వెతుక్కుంటూ కూర్చునే చోట మైసూరు దండు కదిలిపోయేది.

అన్నిటికన్నా పేరు తెచ్చినవి అగ్నిబాణాలు. పండగకు మనం వదిలే తారాజువ్వ పని చేసే తీరే వాటిదీ. కాకపోతే కాగితపు గొట్టం బదులు ఇనుప గొట్టం. కాగితమైతే మందు ఎక్కువ దట్టిస్తే పగిలిపోతుంది. ఇనుమైతే వత్తిడి తట్టుకుంటుంది, అందుకే ఎక్కువ దూరం పోతుంది. జానెడు పొడవుండే ఆ గొట్టాన్ని వెదురు బద్దకు తోలు పట్టీతో కట్టేవారు. గురి అంత ఖచ్చితంగా ఉండదు గాని, కిలోమీటరు పైచిలుకు దూరం నుంచి బుసకొడుతూ వచ్చి పడితే గుర్రాలు బెదిరేవి, వరుసలు చెదిరేవి. హైదర్ కాలంలోనే బాణాలు వేసేవాళ్లు వేయిమందికి పైగా ఉండేవారు. టిప్పు ఆ సంఖ్యను ఇంకా పెంచినాడు.

ఈ ఫౌజు ఏం చేసిందో రెండు సంగతులు చెబితే చాలు. 1769లో ఇంగ్లీషువాళ్లతో యుద్ధం నడుస్తుండగా, హైదర్ పెద్ద దండును వెనక్కు పంపి, ఆరువేల గుర్రాలతో మూడున్నర రోజుల్లో సుమారు 130 మైళ్లు నడిచి మద్రాసు ముంగిట నిలబడినాడు. కంపెనీవాళ్లు ఏప్రిల్‌లో ఆయనతో సంధి చేసుకోవలసి వచ్చింది. ఒకరికి ఆపద వస్తే ఇంకొకరు సాయపడాలని అందులో రాసుకున్నారు. కాని కొద్దికాలానికే మరాఠాలు మైసూరు మీద పడి, 1771లో మేలుకోట దగ్గర హైదర్‌ను చిత్తుగా ఓడించినప్పుడు కంపెనీ సాయం రాలేదు. ఆ మాట తప్పడం ఆయన మరచిపోలేదు.

రెండవది 1780. ఎనభై వేలకు పైబడిన దండుతో కనుమలు దిగి కర్ణాటకం మీదికి వచ్చినాడు. సెప్టెంబరు 10న కాంచీపురం దగ్గర పొల్లిలూరులో కర్నల్ బెయిలీ దండును చుట్టుముట్టినారు. మందుగుండు బండ్లు పేలిపోయి ఆ దండు నాశనమైంది. బెయిలీ ఖైదీ అయినాడు. కొద్ది మైళ్ల దూరంలో ఉన్న హెక్టర్ మన్రో (మన సీమవాళ్లకు తెలిసిన థామస్ మన్రో కాదు, ఈయన వేరు) సమయానికి రాలేక, పెద్ద ఫిరంగులను కాంచీపురం చెరువులో పడేసి మద్రాసుకు వెనుదిరిగినాడు. అప్పటికి ఇండియాలో ఇంగ్లీషువాళ్లకు అంత పెద్ద ఓటమి లేదు.

మంచి చెప్పి చెడు దాచడం మాకు ఇష్టం లేదు. ఆ దండయాత్రలోనే శత్రువుకు గింజ దొరకరాదని ఊళ్లకు ఊళ్లు తగలబెట్టించినారు. ఆ ఊళ్లు రాజులవి కావు, రైతులవి. మలబారులో తిరుగుబాట్లను అణచిన తీరు కూడా కఠినమైనదే. తనను నమ్మి పనిచేసి, తర్వాత ఎదురుతిరిగిన ఖండే రావును బోనులో పెట్టించినాడు. ఇవి గూడా చరిత్రే.

ఫౌజు పనిలోనూ ఆయన పొరపాటు చేసిన చోటు ఒకటుంది. అది సముద్రం. పడమటి తీరంలో నౌకలు కట్టించినాడు గాని, వాటిమీద గుర్రపు దళం సర్దారును పెద్దగా పెట్టినాడు. నేల మీద పనితనం చూసి మనిషిని ఎంచినవాడు నీటి మీద ఆ సూత్రం మరచినాడు. నౌకల కెప్టెన్లు మనసు విరిగి 1768లో ఇంగ్లీషువాళ్ల వైపు వెళ్లిపోయినారు. మళ్లీ కట్టించిన నౌకలను 1780 చివర ఇంగ్లీషు నౌకాదళం మంగళూరు రేవులోనే నాశనం చేసింది. సముద్రం చేతిలో లేకపోవడంతో, కంపెనీకి బెంగాలు నుంచి మనుషులు, డబ్బు వస్తూనే ఉన్నాయి. 1781లో సర్ ఐర్ కూట్ వచ్చి పోర్టోనోవోలోనూ, సెప్టెంబరులో మన పక్కనే ఉన్న షోలింగూరులోనూ హైదర్‌ను ఓడించినాడు. అయినా ఆ ఫౌజు విరిగిపోలేదు. ఓడిన ప్రతిసారీ ఫిరంగులను కాపాడుకొని వెనక్కు తగ్గి, మళ్లీ నిలబడింది.

హైదర్‌కు వీపు మీద రాచపుండు లేచింది. 1782 డిసెంబరు 7న మన చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట దండులో కన్నుమూసినాడు. వారసుడు టిప్పు అప్పుడు దూరాన మలబారులో ఉన్నాడు. ఆ కాలంలో దొర చచ్చిపోయినాడంటే ఫౌజు చెదిరిపోవడం, సర్దార్లు ఖజానా పంచుకోవడం మామూలు. ఇక్కడ అట్లా జరగలేదు. పూర్ణయ్య, కృష్ణారావు తదితరులు కబురు దాచిపెట్టినారు. శవాన్ని పెట్టెలో పెట్టి ఖజానా పంపినట్టు కోలారుకు పంపినారు. దండులో రోజువారీ పనులు ఎప్పటిమాదిరే నడిచినాయి. చిన్న కొడుకును నిలబెట్టాలని పన్నిన కుట్రను మొదట్లోనే తుంచేసినారు. టిప్పు వచ్చి చేరుకునేదాకా ఫౌజు కట్టు తప్పలేదు. మా ఉద్దేశంలో పొల్లిలూరు కన్నా ఇదే ఆయన గెలిచిన పెద్ద యుద్ధం. తాను లేకపోయినా నడిచేదాన్ని ఆయన కట్టినాడు. ఆ తర్వాత దేహాన్ని శ్రీరంగపట్నానికి మార్చినారు. అక్కడి గుంబజ్‌లో తండ్రీకొడుకులిద్దరూ ఉన్నారు.

1799లో శ్రీరంగపట్నం పడిపోయింది. అక్కడ దొరికిన బాణాలను ఇంగ్లండుకు తీసుకుపోయి, వాటిని చూసి విలియం కాంగ్రీవ్ తన రాకెట్లు తయారుచేసినాడు. అమెరికా అంతరిక్ష కేంద్రమొకదానిలో మైసూరు రాకెట్ల చిత్రం గోడమీద చూసినట్టు అబ్దుల్ కలాం గారు తమ జీవితకథలో రాసుకున్నారు. హైదర్ 1763లో గెలిచిన నగర పట్టణంలో, 2018లో ఒక పాత బావి తవ్వితే తుప్పు పట్టిన ఇనుప బాణాలు వెయ్యికి పైగా బయటపడినాయి.

ఇప్పుడు మొదటి మాటకు వద్దాము. హైదర్ చదువుకోలేదు గాని చదువును తక్కువగా చూడలేదు. జాబులన్నీ మున్షీల చేత చదివించుకొని, జవాబులు చెప్పి రాయించేవాడు. లెక్క వచ్చినవాణ్ని, ఫిరంగి తెలిసినవాణ్ని వెతికి జీతమిచ్చి పెట్టుకున్నాడు. కొడుకును మాత్రం తనమాదిరి వదలలేదు. టిప్పుకు ఫారసీ, అరబ్బీ, కన్నడం నేర్పించడానికి పంతుళ్లను, యుద్ధవిద్యకు గాజీ ఖాన్‌ను పెట్టినాడు. ఆ కొడుకు కాలంలో ఫౌజు నడపడానికి ఫతహుల్ ముజాహిదీన్ అనే పుస్తకమే తయారైంది. శ్రీరంగపట్నం పడినప్పుడు ఆయన ఇంట్లో సుమారు రెండువేల గ్రంథాలు దొరికినాయి.

కాబట్టి సోదరులారా, హైదర్ అలీ పేరు చెప్పి బిడ్డను బడి మాన్పించదలిస్తే, ఆయన తన బిడ్డను ఏం చేసినాడో ముందు అడగండి. చదువు లేని లోటు ఎంతటిదో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అందుకే దాన్ని కొడుకుదాకా రానివ్వలేదు. మనమూ అంతమాత్రం చేస్తే చాలునని మా మనవి.