హాస్టల్ లేదంటే హాస్టల్ పెట్టిన దుర్గాబాయి



ప్రతిసారి సెలవులయ్యాక మన హాస్టల్‌కి ఒకటో రెండో ట్రంకు పెట్టెలు తిరిగి రావు. ఎందుకని అడిగితే పెళ్ళి కుదిరిందట అంటారు, లేకపోతే ఇంటి దగ్గర పని ఉందట అంటారు. అందుకే ఈసారి మన గోడపత్రికలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి జీవితం రాస్తున్నాను. ఆమె చదువు కూడా మధ్యలో ఆగిపోయిందే!

దుర్గాబాయి గారు 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. పెరిగింది కాకినాడలో. ఎనిమిదో ఏటనే ఆమెకి పెళ్ళి చేసేశారు. ఆ వయసంటే మనకి మూడో తరగతి. ఊహ తెలిశాక ఆ పెళ్ళి తనకి వద్దని చెప్పేశారు. తండ్రి, తమ్ముడు ఆమె వైపే నిలబడ్డారు.

బడిలో ఇంగ్లీషులోనే చదవాలన్నారని బడి మానేశారు. మానేసి ఊరికే కూచోలేదు. తాను హిందీ నేర్చుకుని ఆడవాళ్ళకి హిందీ బడి పెట్టారు. 1921లో గాంధీగారు కాకినాడ వచ్చినప్పుడు దేవదాసీలనూ, ఘోషా స్త్రీలనూ ఆయనతో కలపాలనుకున్నారు. 5000 రూపాయలు పోగుచేసి ఇస్తేనే వీలవుతుందన్నారు పెద్దలు. పన్నెండేళ్ళు నిండని ఆ పిల్ల అంత డబ్బూ పోగుచేసి చూపించింది! 1923లో కాకినాడ కాంగ్రెసు సభలప్పుడు ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర కాపలా ఉండి, టికెట్ లేదని నెహ్రూ గారినే ఆపేశారు. టికెట్ తెచ్చాకే లోపలికి పంపారు.

1930లో ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళారు. మొత్తం మూడుసార్లు జైలు శిక్ష పడింది. మధుర జైల్లో ఒంటరి గదిలో పెట్టారు. చదువు రాక, చట్టం తెలియక శిక్ష పడ్డ ఆడవాళ్ళని జైల్లో చూశారు. వీళ్ళ తరఫున మాట్లాడాలంటే ముందు తాను చదవాలి అని అక్కడే గట్టిగా అనుకున్నారు.

అప్పటికి ఆమెకి ఇరవై ఏళ్ళు దాటిపోయాయి. అయినా సిగ్గుపడకుండా బెనారస్ మెట్రిక్ పరీక్ష ప్రైవేటుగా కట్టి పాసయ్యారు. తర్వాత మన విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సీటు అడిగారు. ఆడపిల్లలకి హాస్టల్ లేదు, చేర్చుకోలేం అన్నారు. ఇంకొకరైతే ఇంటికి పోయేవారు. ఆమె పేపర్లో ప్రకటన వేయించారు. చదవాలనుకున్న ఇంకొందరు ఆడపిల్లలు కలిశారు. అందరూ కలిసి హాస్టల్ నడుపుకున్నారు. ఇక కాదనడానికి కారణం లేకపోయింది!

అక్కడ ఎం.ఏ. చదివి, 1942లో మద్రాసులో లా పాసయ్యారు. ఈలోగా 1937లోనే అక్కడ ఆంధ్ర మహిళా సభ మొదలుపెట్టారు. చదువు ఆగిపోయిన ఆడవాళ్ళని కూచోబెట్టి మెట్రిక్‌కి తయారుచేశారు. చేతిపనులు నేర్పించారు. ఆస్పత్రి, కాలేజీలు కూడా తర్వాత వచ్చాయి.

1946లో రాజ్యాంగ సభ సభ్యురాలయ్యారు. ఆడవాళ్ళ ఆస్తిహక్కు కోసం మాట్లాడారు. 1952 ఎన్నికల్లో ఓడిపోయారు. ఓడినా పని ఆపలేదు. ప్రణాళికా సంఘంలో పనిచేశారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడితే మొదటి అధ్యక్షురాలయ్యారు. బడి మానేసిన ఆడవాళ్ళు తక్కువ కాలంలో చదువు పూర్తిచేసే కోర్సుల్ని ఆ బోర్డు 1958లో దేశమంతా పెట్టింది. మద్రాసులో ఒక ఇంట్లో మొదలైన పని అలా ఊరూరికీ వెళ్ళింది. 1975లో పద్మవిభూషణ్ వచ్చింది. 1981 మే 9న ఆమె కన్నుమూశారు.

మిత్రులారా! చదువు ఆగిపోతే అయిపోయినట్టు కాదు. ఈసారి సంతలో మన పాత స్నేహితురాలు కనిపిస్తే, ఏమే, పెళ్ళయిందటగా అని నవ్వి వచ్చేయకండి. ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టొచ్చని చెప్పండి. మన పాత పుస్తకాలు ఇవ్వండి. చంకలో బిడ్డ ఉన్నా చదవొచ్చు. తిరిగిరాని పెట్టెలకి మనం చేయగలిగింది అదే.

— 9వ తరగతి విద్యార్థిని