రిటైరయ్యాక మొదలైన ఉద్యోగం
(గిడుగు రామమూర్తి పంతులుగారి జీవితం)

మన సంఘం ప్రత్యేక సంచికకు చిన్న ఊళ్లలో ఉండి పెద్ద పేరు తెచ్చుకున్నవారిలో ఒకరి గురించి రాసి ఇమ్మని కార్యదర్శిగారు అడిగారు. మా ఉత్తరాంధ్రలో అటువంటివారికి కొదవ లేదు. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధులు కోడి రామ్మూర్తినాయుడుగారి గురించి రాద్దామని ముందు అనుకున్నాను. కాని రాసేది పెన్షనర్ల పత్రికకు కదా అని ఆలోచిస్తే, గిడుగు రామమూర్తి పంతులుగారి పేరే మనసులో నిలిచింది. ఆయన పేరు అందరికీ తెలుసు. ఆయన అసలు పోరాటమంతా ఉద్యోగం వదిలిన తరువాత సాగిందని మాత్రం చాలామందికి గుర్తుండదు.

ఆయన 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర, వంశధార ఒడ్డున ఉన్న పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజుగారు పర్లాకిమిడి సంస్థానంలో రెవెన్యూ ఉద్యోగి. రామమూర్తిగారి చిన్నతనంలోనే తండ్రి పోయారు. విజయనగరంలో మేనమామగారి ఇంట ఉండి, మహారాజావారి ఇంగ్లీషు స్కూల్లో చదువుకున్నారు. అక్కడ ఆయన సహాధ్యాయి గురజాడ అప్పారావుగారు.

1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో నెలకు 30 రూపాయల జీతం మీద మాస్టారుగా చేరారు. సంసారం, ఉద్యోగం చూసుకుంటూనే ప్రైవేటుగా చదివి 1896లో బి.ఎ. ప్యాసయ్యారు. అప్పటికి ఆయనకు ముప్ఫై రెండు, ముప్ఫై మూడేళ్లు. సర్వీసులో ఉండి డిపార్టుమెంటు పరీక్షలు రాసినవారికి ఆ కష్టం వేరే చెప్పనక్కరలేదు. పాత శాసనాలు చదవడం కూడా స్వయంగా నేర్చుకుని, ముఖలింగమే గంగరాజుల కళింగనగరమని ఆధారాలతో రాశారు.

పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండల్లో సవరలు ఉండేవారు. వారికి బడి లేదు, పుస్తకం లేదు. బయటివాళ్లెవరికీ వారి మాట తెలియదు. తెలుగు వచ్చిన ఒక సవరను పంతులుగారు ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. అది తెలుగు కుటుంబానికి చెందిన భాష కాదు, ముండా కుటుంబానిది. మన అక్షరాలకు లొంగని ధ్వనులు అందులో ఉన్నాయి. వాటిని సరిగా రాయడానికి ఇంగ్లండు, జర్మనీ పండితులు రాసిన భాషాశాస్త్ర గ్రంథాలు తెప్పించుకుని చదివారు. సవర పిల్లల కోసం వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, మాస్టర్లకు జీతాలిచ్చారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే తనకొద్దని, ఆ డబ్బు సవరల చదువుకే ఖర్చు పెట్టమని కోరారు.

ఈ పనికి ఆయన చెల్లించిన మూల్యం చిన్నది కాదు. మన్యంలో చలిజ్వరాలు ఎక్కువ. కొండల్లో తిరిగే రోజుల్లో వాడిన క్వినైను వల్ల ఆయన వినికిడి దెబ్బతింది. ఆ చెవుడు జన్మాంతం వదలలేదు. మనుషులు మాట్లాడే మాటను చెవులారా విని రాసుకోవడానికి వెళ్లిన మనిషికి చెవులే పోయాయి. ఆయన జీవితంలో నన్ను ఎక్కువ కదిలించినది ఇదే.

1911లో, ముప్ఫై ఏళ్ల సర్వీసు తరువాత, ఆయన రిటైరయ్యారు. వయసు నలభై ఎనిమిది. విశ్రాంతి తీసుకున్నా ఎవరూ తప్పు పట్టేవారు కాదు.

అంతకు కొన్నేళ్ల ముందు యేట్సు అనే దొరగారు ఉత్తర జిల్లాల స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. జనం మాట్లాడే తెలుగు ఒకటి, బళ్లో పిల్లలు రాసే తెలుగు మరొకటి ఎందుకుందన్నది ఆయన సందేహం. ఆ ప్రశ్న పంతులుగారికి తగిలింది. సవర పిల్లవాడికి వాడి మాటలోనే చదువు చెప్పాలని పాటుపడిన మనిషి, తెలుగు పిల్లవాడి సంగతి ఆలోచించకుండా ఎలా ఉంటారు? గురజాడ, విశాఖపట్నం కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆయనతో కలిశారు.

ఎదుటి పక్షం సామాన్యమైనది కాదు. జయంతి రామయ్య పంతులుగారి వంటి విద్వాంసులు 1911లోనే ఆంధ్ర సాహిత్య పరిషత్తు స్థాపించి గ్రాంథికం వైపు నిలబడ్డారు. వాడుకభాష వస్తే తెలుగు చెడిపోతుందని వారి భయం. అది నిజాయితీతో కూడిన భయమే. స్కూలు పరీక్షల్లో వాడుకభాషకు కొంత వెసులుబాటు దొరికినట్టే దొరికి చేజారింది. 1914లో గురజాడ తన అసమ్మతి పత్రం మద్రాసు విశ్వవిద్యాలయానికి సమర్పించారు. 1915 నవంబరు 30న ఆయన కన్నుమూశారు. భారమంతా పంతులుగారి మీద పడింది.

పంతులుగారి వాదన పద్ధతి ఒక మంచి ఆఫీసు నోటులా ఉండేది. ఆవేశంతో పని లేదు, దాఖలా చూపాలి. గ్రాంథికం రాస్తున్నామన్న పండితుల పుస్తకాల నుంచే వ్యాకరణ దోషాలు ఏరి చూపేవారు. పూర్వకవుల కావ్యాల్లోంచి, పాత వచనంలోంచి వాడుక రూపాలు పుంఖానుపుంఖంగా తీసి ముందు పెట్టేవారు. ఎవరికీ సరిగా పట్టుబడని భాషను పిల్లల నెత్తిన రుద్దడం న్యాయమా అన్నదే ఆయన ప్రశ్న.

1919లో తెలుగు అనే పత్రిక పెట్టారు. అది ఏడాదికే ఆగిపోయింది. అదే ఏడాది రాజమహేంద్రవరంలో వాడుకభాష వ్యాప్తికి ఒక సమాజం ఏర్పడితే, మొదట్లో ఈ వాదానికి దూరంగా ఉన్న కందుకూరి వీరేశలింగం పంతులుగారే దానికి అధ్యక్షులయ్యారు. మే 27న ఆయనా పోయారు. రామమూర్తిగారు మాత్రం ఆగలేదు. ఊరూరా తిరిగి సభల్లో గంటల తరబడి మాట్లాడారు. 1925లో తణుకులో పరిషత్తు సభలోనే నిలబడి తన వాదాన్ని వినిపించారు. ఎదుటివారి జవాబు తనకు సరిగా వినపడకపోయినా, తన మాట వారికి వినపడేదాకా చెప్పారు. శిష్యుల్లో ఒకరైన తాపీ ధర్మారావుగారు వాడుకభాషను పత్రికల్లోకి తీసుకెళ్లారు.

సవర పనీ విడిచిపెట్టలేదు. సవర భాషా వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. ఆ నిఘంటువు వచ్చేనాటికి ఆయనకు డెబ్బయి అయిదు.

చివరి దశలో ఒక దెబ్బ తగిలింది. పర్లాకిమిడిని ఒరిస్సాలో కలపవద్దని ఆయన గట్టిగా పోరాడారు. ఫలితం లేకపోయింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడిన రోజున ఆయన పర్లాకిమిడిలో లేరు. యాభై ఏళ్లకు పైగా బతికిన ఊరు వదిలి రాజమహేంద్రవరం వచ్చేశారు. 1940 జనవరి 15న పత్రికా సంపాదకులకు వాడుకభాష గురించి చివరి విన్నపం చేసుకున్నారు. వారం తిరిగేసరికి, జనవరి 22న కన్నుమూశారు.

ఇక నా సంగతి ఒకటి చెప్పుకుని ముగిస్తాను. 1974లో నేను గుమాస్తాగా చేరిన కొత్తల్లో, ఒక ముసలమ్మ ఆఫీసు కాగితం పట్టుకొచ్చి చదివిపెట్టమంది. చదివాను. అంతా విని, ఇప్పుడు తెలుగులో చెప్పు నాయనా అంది. ఆ కాగితం తెలుగులోనే ఉంది. 1966లోనే మన రాష్ట్రంలో తెలుగు అధికార భాష అయింది. సదరు, పర్యవసానముగా, తిరస్కరించడమైనది అంటూ ఆ కాగితం రాసింది నేనే. ఆమెకు పింఛను రాలేదన్న మాట నా నోటితో మళ్లీ చెప్పవలసి వచ్చింది. పంతులుగారు ముప్ఫై ఏళ్లు ఎందుకు కొట్లాడారో ఆరోజు నాకు అర్థమైంది. ఆ తరువాత సర్వీసంతా, ఆ ముసలమ్మకు అర్థమవుతుందా అని చూసుకునే ఏ కాగితమైనా రాశాను. పై అధికారులు కొన్నిసార్లు కొట్టివేశారు, అది వేరే సంగతి.

ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు సభలకు వెళ్దాం, దండలు వేద్దాం. అంతకంటే ముఖ్యం, మనకు కాగితాల భాష వచ్చు. బ్యాంకు నోటీసో, ఆసుపత్రి చీటీయో, ఆఫీసు తాఖీదో చేత పట్టుకుని పక్కింటివారు వస్తే, విసుక్కోకుండా కూర్చోబెట్టి వారి మాటలో చెబుదాం. పంతులుగారు రిటైరయ్యాక ఇరవై తొమ్మిదేళ్లు పని చేశారు. మనకు ఇంకా ఎన్నాళ్లున్నా, ఈపాటి పనికి సరిపోతుంది.