దీనబంధు డేమియన్

భగవంతుడు తనను ఏ కార్యం నిమిత్తం పుట్టించాడో తెలుసుకోవాలని తపించే యువకులు ప్రతి కాలంలోనూ ఉంటారు. దేశకాల పరిస్థితులు కలతగా ఉన్నప్పుడు ఆ తపన మరింత హెచ్చుతుంది. ఎన్నడో ఒకనాడు స్పష్టమైన ఆదేశం రాకపోదని కొందరు ఎదురుచూస్తూ ఉండిపోతారు. ఫాదర్ డేమియన్ చరిత్ర చదివినవారికి ఈ విషయమై కొంత వెలుగు దొరుకుతుంది.

డేమియన్ 1840 జనవరి 3వ తేదీన బెల్జియం దేశంలోని ట్రెమెలో గ్రామంలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు జోసెఫ్. కుమారుడు తన ధాన్యవ్యాపారం చూసుకుంటాడని తండ్రి ఆశించాడు. కాని అన్నగారైన పాంఫిల్ అప్పటికే లూవెన్ పట్టణంలోని ఒక క్రైస్తవ మఠంలో చేరి ఉన్నాడు. 1859లో తమ్ముడు కూడ అదే మఠంలో ప్రవేశించి డేమియన్ అనే నామం స్వీకరించాడు. చదువు చాలదన్న కారణంచేత పెద్దలు మొదట ఆయనను గురుపదవికి అర్హునిగా ఎంచలేదు. అన్నగారి వద్ద లాటిన్ భాష నేర్చుకుని ఆయన ఆ కొరత తీర్చుకున్నాడు.

1863లో పాంఫిల్‌ను పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి దీవులకు పంపాలని మఠం నిశ్చయించింది. తీరా ప్రయాణసమయానికి ఆయన టైఫస్ జ్వరంతో మంచం పట్టాడు. అన్నకు బదులు తనను పంపవలసిందని డేమియన్ పారిస్‌లోని మఠాధిపతికి స్వయంగా లేఖ వ్రాసి అనుమతి సంపాదించాడు. నెలల తరబడి ఓడలో ప్రయాణించి 1864 మార్చి 19న హొనొలూలూ చేరాడు. మే నెలలో గురుపట్టం పొంది, తొమ్మిదేండ్లపాటు హవాయి పెద్దదీవిలో పల్లెపల్లెకు తిరిగి పనిచేశాడు.

ఆ రాజ్యానికి అవి గడ్డురోజులు. విదేశీయుల రాకతో వ్యాపించిన అంటువ్యాధులకు స్థానిక ప్రజలు వేలకు వేలుగా బలి అయ్యారు. కుష్ఠువ్యాధికి జడిసిన ప్రభుత్వం 1865లో ఒక చట్టం చేసి, మరుసటి ఏటినుండి రోగులను మొలకాయి దీవిలోని ఒక మూలకు తరలించసాగింది. ఆ చోటికి మూడువైపుల సముద్రం, నాలుగవవైపు నిట్టనిలువు కొండ. రోగులు నేల సాగుచేసుకుని బ్రతుకుతారని అధికారులు తలచారు. వ్రేళ్ళు మొద్దుబారినవారు గునపం ఎట్లా పట్టగలరు? భార్యాబిడ్డలను విడిచి వచ్చిన ఆ నిర్భాగ్యులు ఆకలితో, నిరాశతో కృశించిపోయారు.

1873లో బిషప్ మెగ్రే ఈ రోగులకు ఒక గురువు అవసరమని చెప్పగా నలుగురు యువగురువులు ముందుకు వచ్చారు. వంతులవారీగా వెళ్ళివచ్చే ఏర్పాటు జరిగింది. మొదటి వంతు డేమియన్‌ది. మే 10వ తేదీన ఆయన మొలకాయిలో అడుగుపెట్టాడు. తలదాచుకోను ఇల్లు లేక మొదటి రాత్రులు ఒక మొగలిచెట్టు క్రింద పడుకున్నాడు. కొద్దిరోజులలోనే అక్కడే ఉండిపోనిమ్మని కోరాడు. ఆ వంతు పదునారేండ్లు సాగింది.

ఆయన రైతుబిడ్డ, చేతిపని తెలిసినవాడు. రోగులను కూడగట్టి ఇళ్ళు కట్టించాడు. గొట్టాలు వేయించి మంచినీరు రప్పించాడు. వ్రణాలు కడిగి కట్లు కట్టాడు. దిక్కులేని పిల్లలకు ఆశ్రయం కల్పించాడు. శవపేటికలు చేసి, గోతులు త్రవ్వి, చనిపోయినవారిని గౌరవంగా సాగనంపాడు. రోగులను తాకడానికి గాని, వారితో కలిసి భుజించడానికి గాని వెనుదీయలేదు. ఆయన దోషరహితుడని చెప్పలేము. మొండితనం, ముక్కోపం ఉండేవి. సాయం ఆలస్యమైతే అధికారులతోను, తన మఠపు పెద్దలతోను తగవుపడేవాడు.

ఆయన మొలకాయి చేరిన 1873లోనే నార్వేలో హాన్సెన్ అనే వైద్యుడు కుష్ఠువ్యాధి క్రిమిని కనుగొన్నాడు. అయితే మందు దొరకడానికి ఇంకా చాలాకాలం పట్టింది. 1884 చివర ఒకనాడు మరుగునీరు కాలిమీద పడినా డేమియన్‌కు నొప్పి తెలియలేదు. దాని అర్థమేమో ఆయనకు తెలుసు. అయినా పని ఆపలేదు. 1886లో జోసెఫ్ డటన్ అనే అమెరికన్, 1888లో మదర్ మరియాన్ కోప్, ఆమె సహచరులు వచ్చి సేవాభారం పంచుకున్నారు. తాను మొదలుపెట్టిన పనికి వారసులు దొరికారన్న తృప్తితో, 1889 ఏప్రిల్ 15న నలుబదితొమ్మిదవ ఏట డేమియన్ కన్నుమూశాడు.

మరణానంతరం హొనొలూలూలోని ఒక మతాచార్యుడు ఆయన శీలాన్ని నిందించగా, మొలకాయిని స్వయంగా చూసివచ్చిన స్కాట్లండ్ రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ 1890లో బహిరంగలేఖ వ్రాసి ఆ నిందను ఖండించాడు. ఏనాడో రావలసిన పాంఫిల్ 1895లో హవాయి వచ్చి, తమ్ముడు పనిచేసిన చోట కొంతకాలం సేవచేశాడు. హవాయిలో రోగులను నిర్బంధంగా వేరుచేసే చట్టం 1969లో రద్దయింది. నేడు ఈ వ్యాధి మందులతో పూర్తిగా నయమవుతుంది. 2009 అక్టోబరు 11న రోమునగరంలో డేమియన్‌ను పునీతునిగా ప్రకటించారు.

అన్న స్థానంలో ఓడ ఎక్కిననాడు ఇరువదిమూడేండ్ల డేమియన్‌కు మొలకాయి సంగతి తెలియదు. మొదటి వంతుకు బయలుదేరిననాడు అది జీవితాంతం సాగుతుందనీ తెలియదు. దైవసంకల్పం ఆయనకు ఒక్కసారిగా బోధపడలేదు. ఎదుట ఖాళీగా ఉన్న స్థానంలోకి నడిచాడు, అక్కడ చేయవలసిన పని చేశాడు. దారి ఒక్కొక్క అడుగే తెలిసింది. ఏమి కావాలో తేల్చుకోలేక సతమతమవుతున్న విద్యార్థికి ఉపాధ్యాయుడు చెప్పదగిన చరిత్ర ఇది.