జానీ బ్రైట్: ఆరు ఫొటోల తర్వాత

జానీ బ్రైట్ అనగానే అమెరికాలో ఆరు ఫొటోల గురించి చెబుతారు. కెనడాలో మాత్రం అతను 13 సీజన్లు ఆడిన మేటి ఆటగాడు, ఆ తర్వాత ఎడ్మంటన్‌లో స్కూల్ ప్రిన్సిపల్.

బ్రైట్ నల్లజాతీయుడు. 1930లో ఇండియానాలోని ఫోర్ట్ వేన్‌లో పుట్టాడు. డెమాయిన్‌లోని డ్రేక్ యూనివర్సిటీకి ఫుట్‌బాల్ ఆడేవాడు. మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు, కోలగా ఉండే బంతిని చేత పట్టుకుని పరుగెత్తే ఆట. 1951 అక్టోబరు 20న స్టిల్‌వాటర్‌లో ఒక్లహామా ఎ అండ్ ఎం కాలేజీతో మ్యాచ్. బ్రైట్‌ను కావాలనే కొడతారని అప్పటికే పుకార్లున్నాయి. అందుకే డెమాయిన్ రిజిస్టర్ ఫొటోగ్రాఫర్లు డాన్ అల్టాంగ్, జాన్ రాబిన్సన్ ఒక కెమెరాను అతనిమీదే గురిపెట్టారు.

మొదటి ఏడు నిమిషాల్లోనే బ్రైట్ మూడుసార్లు స్పృహ తప్పాడు. ప్రత్యర్థి జట్టులోని శ్వేతజాతి ఆటగాడు విల్‌బ్యాంక్స్ స్మిత్ దెబ్బకు దవడ విరిగింది. అప్పటికి బంతి అతని దగ్గర లేదని ఫొటోలు చెబుతాయి. విరిగిన దవడతోనే 61 గజాల టచ్‌డౌన్ పాస్ విసిరి, కాసేపటికి మైదానం వదిలాడు. ఫొటోలకు 1952లో పులిట్జర్ బహుమతి వచ్చింది. కొట్టిన వాడిపై మాత్రం కాలేజీ గానీ, లీగ్ గానీ చర్య తీసుకోలేదు. నిరసనగా డ్రేక్ యూనివర్సిటీ ఆ లీగ్ నుంచే తప్పుకుంది.

ఆ మరుసటి ఏడాది ఫిలడెల్ఫియా ఈగిల్స్ జట్టు బ్రైట్‌ను తొలి రౌండ్‌లోనే ఎంచుకుంది. అప్పటిదాకా అందులో నల్లజాతి ఆటగాడు ఆడలేదు. దక్షిణాది నుంచి వచ్చే ఆటగాళ్లు తనతో ఎలా ఉంటారోనన్న సందేహం బ్రైట్‌ది. స్టిల్‌వాటర్ తర్వాత ఆ సందేహాన్ని అతిభయం అనడం కష్టం. అతను కెనడాలోని కాల్గరీకి వెళ్లిపోయాడు.

తొలి సీజన్ బాగానే సాగింది. తర్వాత గాయాలు. 1954లో ఎడ్మంటన్‌కు మారాడు. అక్కడ మొదట్లో ఎక్కువగా డిఫెన్స్‌లో, లైన్‌బ్యాకర్‌గా ఆడించారు. ఆ జట్టు 1954, 1955, 1956ల్లో వరుసగా గ్రే కప్ గెలిచింది. ఆ తర్వాతే అతని పరుగు పూర్తిగా బయటపడింది: 1957లో 1,679 గజాలు, 1958లో 1,722 గజాలు. 1959లో లీగ్ ఉత్తమ ఆటగాడి పురస్కారం దక్కింది, ఒక నల్లజాతి ఆటగాడికి అది రావడం అదే మొదలు. 1964లో రిటైరయ్యేటప్పటికి పరుగెత్తిన దూరం 10,909 గజాలు.

క్రీడా పేజీలు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతాయి. కానీ బ్రైట్ ఎడ్మంటన్‌లో టీచర్‌గా, కోచ్‌గా, తర్వాత డి.ఎస్. మెకంజీ, హిల్‌క్రెస్ట్ జూనియర్ హైస్కూళ్ల ప్రిన్సిపల్‌గా పనిచేశాడు. ఆటగాడిగా ఉండగానే, 1962లో కెనడా పౌరసత్వం తీసుకున్నాడు. 1983 డిసెంబరు 14న మోకాలి శస్త్రచికిత్స సమయంలో గుండెపోటుతో చనిపోయాడు. వయసు 53.

ఒక్లహామా ఎ అండ్ ఎం ఇప్పుడు ఒక్లహామా స్టేట్ యూనివర్సిటీ. ఆ దెబ్బకు క్షమాపణ చెబుతూ అది డ్రేక్‌కు లేఖ రాసింది 2005లో, ఘటన జరిగిన 54 ఏళ్లకు, బ్రైట్ చనిపోయిన దాదాపు 22 ఏళ్లకు. మరుసటి ఏడాది డ్రేక్ తన మైదానానికి అతని పేరు పెట్టుకుంది. 2010లో ఎడ్మంటన్‌లో జానీ బ్రైట్ స్కూల్ తెరుచుకుంది.