కాశీ మైదానం నుంచి ఢిల్లీ సభ దాకా..
విజయనగరం రాజకుమారుడు ‘విజ్జీ’ కథ

డబ్బుంటే జట్టు కట్టొచ్చు. ఇంటి ఆవరణలోనే మైదానం వేయించొచ్చు. ప్రపంచంలో పేరున్న ఆటగాళ్లను ఓడెక్కించి రప్పించొచ్చు. కాస్త తెలివిగా పావులు కదిపితే కెప్టెన్ పదవీ దక్కుతుంది. కానీ క్రీజులో నిలబడ్డాక ఆదుకోవాల్సింది చేతిలో ఉన్న ఆటే. విజయనగరం రాజకుమారుడు పూసపాటి విజయానంద గజపతిరాజు ఈ సంగతిని ఇంగ్లండ్ గడ్డ మీద, లోకమంతా చూస్తుండగా నేర్చుకోవాల్సి వచ్చింది. క్రికెట్ లోకానికి ఆయన ‘విజ్జీ’. భారత జట్టు కెప్టెన్, క్రికెట్ బోర్డు అధ్యక్షుడు, విశాఖపట్నం ఎంపీ.. మూడు పదవులూ చూసిన ఈ తెలుగువాడు కాపురం ఉన్నది మాత్రం కాశీలో. ఆయన పంతానికి దెబ్బతిన్నవారిలో ఒకరు నాగపూర్ తెలుగు బిడ్డ సి.కె. నాయుడు కావడం మరో విశేషం.

ఊరు విజయనగరం.. ఇల్లు కాశీ

విజ్జీ 1905 డిసెంబరు 28న పుట్టారు. విజయనగరం సంస్థానాధీశుడికి రెండో కొడుకు. తండ్రి 1922లో కన్నుమూయడంతో గద్దె అన్న అలక్ నారాయణ గజపతిరాజుకు వెళ్లింది. పూసపాటి వారికి కాశీతో తరాల నాటి అనుబంధం. అక్కడ సొంత ఎస్టేట్ కూడా ఉంది. తమ్ముడు అక్కడికి మకాం మార్చారు. పెద్ద కొడుకైతే రాజు, చిన్న కొడుకు ఎప్పటికీ ‘మహారాజ్ కుమారే’. ఆ పిలుపే చివరిదాకా ఆయన పేరు ముందు నిలిచిపోయింది.

చదువు అజ్మీర్ మేయో కాలేజీలో, ఆ తర్వాత ఇంగ్లండులోని హేలీబరీలో సాగింది. టెన్నిస్ బాగా ఆడేవారు. వేటలో గురి తప్పేవారు కాదు. క్రికెట్‌లో మాత్రం మామూలు ఆటగాడే. అయినా మనసంతా దానిమీదే పెట్టుకున్నారు. 1926లో సొంత జట్టు కట్టారు. ఎస్టేట్ ఆవరణలోనే మైదానం తయారు చేయించారు.

హాబ్స్‌నే రప్పించారు

1930-31లో శాసనోల్లంఘన ఉద్యమం దేశాన్ని ఊపేస్తోంది. ఇంగ్లండు ఎంసీసీ జట్టు రాక రద్దయింది. ఆ లోటు తీర్చడానికి విజ్జీ నడుం కట్టారు. ఆనాటి ప్రపంచ మేటి ఓపెనర్లు జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ ఇద్దరినీ తన జట్టులోకి తెచ్చి, భారత్, సిలోన్‌లలో ఊరూరా ఆడించారు. కొన్నేళ్లకు వెస్టిండీస్ మేటి లియరీ కాన్‌స్టంటైన్‌నూ మన దేశానికి రప్పించారు. హైస్కూల్లో చదువుకుంటున్న ముస్తాక్ అలీని కాశీకి పిలిపించి శిక్షణ ఇప్పించిందీ ఆయనే. ఈ మంచి పనులన్నీ ఆయన ఖాతాలోవే. వాటిని కొట్టిపారేయలేం.

అప్పటి బోర్డు చేతిలో చిల్లిగవ్వ ఉండేది కాదు. విదేశీ పర్యటనంటే ఏ రాజుగారో జేబు విప్పాలి. విజ్జీ బోర్డుకు రూ.50 వేలు ఇచ్చారు. నాడు అది పెద్ద మొత్తమే. 1932 ఇంగ్లండు పర్యటనకు ఆయన కోసం వైస్ కెప్టెన్ కింద ఇంకో పదవి సృష్టించారు. ఆరోగ్యం, ఫామ్ బాగాలేవంటూ ఆయన వెళ్లలేదు. ఆ జట్టుకు పోరుబందర్ మహారాజు కెప్టెన్. తన ఆట ఏపాటిదో ఆయనకు తెలుసు. లార్డ్స్‌లో మన దేశం ఆడిన తొలి టెస్టులో ఆయన పక్కకు తప్పుకొన్నారు. నాయకత్వం నాగపూర్‌లో పుట్టిన సి.కె. నాయుడి చేతికి వచ్చింది. నాలుగేళ్ల తర్వాత విజ్జీ ఆ బాట పట్టలేదు.

ఓట్లతో వచ్చిన కెప్టెన్సీ

1936 పర్యటనకు కెప్టెన్‌ను బోర్డు ఓట్లతో ఎన్నుకుంది. పటౌడీ నవాబు ముందే తప్పుకొన్నారు. మిగిలింది నాయుడు, విజ్జీ. ఒకరికి ఆట ఉంది. మరొకరికి వైస్రాయ్ విల్లింగ్డన్ అండ, బోర్డులో పలుకుబడి ఉన్నాయి. గెలుపు విజ్జీదే. ఇద్దరు నౌకర్లు, 36 పెట్టెల సామానుతో ఆయన ఇంగ్లండులో దిగారని చెబుతారు.

జట్టు తొందరలోనే రెండు ముక్కలైంది. కెప్టెన్ మనుషులు ఒకవైపు, నాయుడిని అభిమానించేవారు ఒకవైపు. లాలా అమర్‌నాథ్‌కు అప్పటికి 24 ఏళ్లు. భారత్ తరఫున తొలి టెస్టు సెంచరీ కొట్టింది అతనే. ఈ పర్యటనలో ఎసెక్స్‌పై రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీలు చేశాడు. లార్డ్స్‌లో మైనర్ కౌంటీస్‌తో మ్యాచ్‌లో ప్యాడ్లు కట్టుకుని కూర్చున్న అతన్ని పిలవకుండా, వేరేవాళ్లను ఒకరి తర్వాత ఒకరిని ముందు పంపారు. ఆట ముగిసే వేళకు గానీ అతని వంతు రాలేదు. తిరిగొచ్చి ప్యాడ్లు విసిరేసి, పంజాబీలో కోపం వెళ్లగక్కాడు. అంతే.. కెప్టెన్, మేనేజర్ బ్రిటన్-జోన్స్ కలిసి అతన్ని ఓడెక్కించి ఇంటికి పంపేశారు. అప్పటికి మొదటి టెస్టు కూడా మొదలవలేదు. ఆ తర్వాత యుద్ధం వచ్చిపడింది. భారత్ మళ్లీ టెస్టు ఆడింది 1946లో. పదేళ్ల వయసు, ఆట అమర్‌నాథ్‌కు ఎవరు తిరిగిస్తారు?

ఆరు ఇన్నింగ్స్.. 33 పరుగులు

మూడు టెస్టుల్లో లార్డ్స్, ఓవల్ రెండూ 9 వికెట్ల తేడాతో ఓడిపోయాం. మాంచెస్టర్‌లో మాత్రం విజయ్ మర్చంట్ 114, ముస్తాక్ అలీ 112 చేసి, తొలి వికెట్‌కు 203 పరుగులు జోడించి పరువు కాపాడారు. ఆ టెస్టులో మర్చంట్‌ను రనౌట్ చేయించమని కెప్టెనే ముస్తాక్‌తో చెప్పారనీ, ముస్తాక్ ఆ మాటను నవ్వుతూ మర్చంట్ చెవిన వేశాడనీ క్రికెట్ జనం నేటికీ చెప్పుకుంటారు. ఓవల్‌లో తన చివరి టెస్టు ఆడిన నాయుడు, దెబ్బ తగిలినా నిలబడి 81 పరుగులు చేశారు. మరి కెప్టెన్? ఆరు ఇన్నింగ్స్‌లో 33 పరుగులు. బౌలింగ్ చేయలేదు. ఆ మూడు టెస్టులతోనే ఆయన టెస్టు జీవితం ముగిసింది. అదే పర్యటనలో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకు ‘సర్’ బిరుదు ఇవ్వడం కాలం ఆడిన వింత.

ఇంటికొచ్చాక బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బ్యూమాంట్ ఆధ్వర్యంలో విచారణ జరిగింది. 1937 జనవరిలో నివేదిక వచ్చింది. అమర్‌నాథ్‌పై మచ్చ తొలగిపోయింది. ఫీల్డర్లను ఎక్కడ పెట్టాలో, బౌలర్లను ఎప్పుడు మార్చాలో కెప్టెన్‌కు తెలియలేదనీ, బ్యాటింగ్ వరుసకు ఓ పద్ధతే లేదనీ కమిటీ తేల్చేసింది.

పాత లెక్కల సవరణ

అంత అవమానం తర్వాత ఇంకొకరైతే కాశీ గంగ ఒడ్డున కూర్చుని కాలం గడిపేవారే. ఆయన కూర్చోలేదు. 1937లో యునైటెడ్ ప్రావిన్సెస్‌లో కాంగ్రెస్ మొదట మంత్రివర్గం ఏర్పాటుకు ఒప్పుకోలేదు. ఛతారీ నవాబు నడిపిన కొన్ని నెలల ప్రభుత్వంలో విజ్జీ మంత్రి అయ్యారు. 1947లో, స్వాతంత్ర్యం గుమ్మంలో ఉండగా, ‘సర్’ బిరుదు వదులుకున్నారు.

1954 నుంచి 1957 వరకు ఆయన క్రికెట్ బోర్డు అధ్యక్షుడు. అసలు చూడాల్సింది ఇక్కడే. 1954-55లో పాకిస్థాన్ వెళ్లిన భారత జట్టుకు మేనేజర్ ఎవరనుకున్నారు? ఒకప్పుడు విజ్జీ ఇంటికి పంపేసిన లాలా అమర్‌నాథే. 1956-57లో విజ్జీ మాట చెల్లే ఉత్తరప్రదేశ్ జట్టుకు రంజీలో కెప్టెన్ ఎవరు? 61 ఏళ్ల సి.కె. నాయుడు. అంతకు మూడేళ్ల ముందు ఆంధ్ర తొలి రంజీ జట్టుకూ నాయకుడైన ఈ నాగపూర్ పెద్దాయన, ఆ వయసులో యూపీకి ఆడుతూ రాజస్థాన్‌పై 84 పరుగులు చేశారు. విజ్జీ బహిరంగంగా పశ్చాత్తాపపడ్డారా లేదా అన్నది పక్కన పెడదాం. ఆయన చేతిలో అధికారం ఉన్న రోజుల్లో, పాత ప్రత్యర్థులిద్దరికీ తలుపులు తెరిచే ఉన్నాయి. 1958లో ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది.

రేడియో కామెంటరీ ఆయనకు మరో సరదా. 1959లో భారత జట్టు ఇంగ్లండు వెళ్లినప్పుడు బీబీసీలోనూ మాట్లాడారు. అయితే ఆ మాటల ధోరణి వినేవారికి నిద్ర తెప్పించేదట. పులులను వేటాడిన కబుర్లు ఆయన చెబుతుంటే, మీరు కామెంటరీ వినిపించి చంపారేమో అనుకున్నానని వెస్టిండీస్ ఆటగాడు రోహన్ కన్హాయ్ చమత్కరించాడని అంటారు.

ఢిల్లీకి విశాఖ దారి

కాశీలో ఎన్నేళ్లున్నా, ఓటు అడగడానికి ఆయన వచ్చింది సొంత గడ్డకే. అన్న కొడుకు పి.వి.జి. రాజు 1957లో గెలిచిన విశాఖపట్నం లోక్‌సభ స్థానం నుంచి 1960 ఉప ఎన్నికలో కాంగ్రెస్ తరఫున నెగ్గారు. 1962లో మళ్లీ గెలిచారు. 1936లో బోర్డు గదిలో కొద్దిమంది వేసిన ఓట్లు ఆయనకు కెప్టెన్సీ తెచ్చాయి. ఈసారి తీర్పు చెప్పింది వేల మంది మామూలు జనం. ఎంపీగా ఉండగానే 1965 డిసెంబరు 2న కాశీలో కన్నుమూశారు. అరవై నిండడానికి ఇంకా 26 రోజులుంది.

ఆయన పోయాక విశ్వవిద్యాలయాల జోన్ల మధ్య క్రికెట్ పోటీకి ‘విజ్జీ ట్రోఫీ’ అని పేరు పెట్టారు. రాజవంశం, పైరవీ, కానుక ఏవీ లేకుండా కేవలం ఆట చూపించి పైకి రావాలనుకునే కాలేజీ కుర్రాళ్ల పోటీ అది. ఆ కప్పు కోసం ఆడిన కుర్రాళ్లలో కొందరు తర్వాత దేశానికి ఆడారు. వారిలో ఎవరికీ కెప్టెన్ కావడానికి రూ.50 వేలు ఇవ్వాల్సిన అవసరం రాలేదు.