పీకడానికి ముందు కాపాడమన్న వైద్యుడు: అబుల్ ఖాసిమ్ జహ్రావీ

వుజూ చేసిన ప్రతిసారీ మనం నోరు పుక్కిలిస్తాం. మిస్వాక్ విషయంలో దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) ఎంతగా తాకీదు చేశారో చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం. అయినా మనలో చాలామంది పళ్ల డాక్టరు గడప తొక్కేది ఎప్పుడు? రాత్రంతా పన్ను సలిపి నిద్ర పట్టనప్పుడు, బుగ్గ వాచినప్పుడు. చాలాసార్లు అప్పటికి ఆ పన్ను పీకించుకోవడం తప్ప వేరే దారి మిగలదు. నొప్పి వచ్చేదాకా ఆగడం ఎంత పొరపాటో వెయ్యేళ్ల క్రితమే తన పనితో చూపించిన ఒక మహావైద్యుని జీవితాన్ని ఈ నెల మా పాఠకుల ముందు ఉంచుతున్నాం.

ఆయన పూర్తి పేరు అబుల్ ఖాసిమ్ ఖలఫ్ బిన్ అబ్బాస్ జహ్రావీ. ఐరోపా వారు అబుల్‌కాసిస్ అన్నది ఆయన్నే. నేటి స్పెయిన్‌లో అధిక భాగం ఆనాడు ముస్లిముల పాలనలో ఉండేది. దానిని అందలూస్ అనేవారు. ఖలీఫా మూడవ అబ్దుర్రహ్మాన్ క్రీ.శ. 936 ప్రాంతంలో రాజధాని ఖుర్తుబాకు పడమరగా, కొండవాలున మదీనతుజ్జహ్రా అనే కొత్త నగరాన్ని కట్టించడం మొదలుపెట్టారు. ఆ నగరం పేరుతోనే మన వైద్యుడు జహ్రావీ అయ్యారు. ఆయన వంశం మదీనా అన్సారులది. ఖలీఫా రెండవ హకమ్ ఆస్థానంలో వైద్యునిగా ఉన్నారని చెబుతారు.

ఆయన గురించి చరిత్రకారులు రాసింది బహు తక్కువ. ఆయనేమిటో తెలిపేది ఆయన గ్రంథమే. దాదాపు యాభై ఏళ్ల అనుభవాన్ని క్రోడీకరించి, క్రీ.శ. 1000 ప్రాంతంలో ‘అత్తస్రీఫ్’ అనే మహాగ్రంథాన్ని పూర్తిచేశారు. అందులో 30 భాగాలున్నాయి. చివరిది శస్త్రచికిత్సకు సంబంధించినది. దానిలో సుమారు 200 పరికరాల బొమ్మలు గీసి, ఏది ఎందుకు వాడాలో వివరించారు. శిష్యులను సొంత బిడ్డల్లా సంబోధించారు. తన దగ్గర కూర్చుని నేర్చుకునే భాగ్యం లేనివారికి కూడా ఆ బొమ్మల ద్వారా విద్య అందింది. విద్యను దాచుకోకపోవడం ఎంత పెద్ద దానమో మనం గమనించాలి.

ఇక దంతాల విషయానికి వద్దాం. ఎముకలు సరిచేసి, మూత్రాశయంలోని రాళ్లు తీసే పద్ధతులు రాసిన ఆ వైద్యుడు పంటిని చిన్న వస్తువుగా చూడలేదు. పళ్ల లోపలా బయటా, చిగుళ్ల నడుమా గరుకుగా పేరుకునే గారను ఆయన జాగ్రత్తగా పరిశీలించారు. అది నల్లగానో, పసుపుగానో, పచ్చగానో మారుతుందనీ, దానివల్ల చిగుళ్లు చెడతాయనీ గుర్తించారు. దాన్ని గీకి తీయడానికి 14 రకాల పరికరాలను బొమ్మలతో చూపారు. పళ్ల లోపలివైపుకు ఒకటి, బయటివైపుకు ఒకటి, పళ్ల సందులకు మరొకటి. రోగి తలను వైద్యుడు తన ఒడిలో పెట్టుకుని గార అంతా పోయేవరకు శుభ్రం చేయాలి. ఒక్కరోజులో కాకపోతే మరుసటి రోజు, ఆ మరుసటి రోజు కూడా చేయాలి. ఎంత ఓపిక!

పన్ను పీకడం ఆయన దృష్టిలో చిట్టచివరి మార్గం. మిగిలిన వైద్యాలన్నీ చేసి చూసిన తర్వాతే దానికి పూనుకోవాలన్నారు. నొప్పి మనిషిని మోసం చేస్తుందనీ, రోగి మంచి పన్నునే చూపించి పీకించుకునే ప్రమాదం ఉందనీ, అందుచేత వ్యాధి ఏ పంటిదో ముందు నిర్ధారించుకోవాలనీ హెచ్చరించారు. విద్య లేని క్షురకులు తొందరపడి పన్ను విరగ్గొట్టి వేర్లు లోపలే వదిలేయడాన్ని, దవడ ఎముకకు హాని చేయడాన్ని తీవ్రంగా ఖండించారు. కదిలే పళ్లను గట్టి పళ్లతో కలిపి బంగారు తీగతో కట్టే పద్ధతి రాశారు. వెండి కొన్నాళ్లకే రంగు మారుతుంది గనుక బంగారమే మేలన్నారు. ఊడిన పంటిని తిరిగి అదే చోట నిలపవచ్చనీ, లేదా ఆవు ఎముకతో చెక్కిన పన్నును అమర్చవచ్చనీ చెప్పారు.

ఆయన రాసినదంతా ఈనాడు పనికివస్తుందని మేము అనడం లేదు. పంటి నొప్పికి కాల్చి చేసే వైద్యం కూడా ఆ గ్రంథంలో ఉంది. దాన్ని కాలం వెనక్కి నెట్టింది. కానీ గార తీయడం, వ్యాధిని మొదట్లోనే ఆపడం, పంటిని వీలైనంతవరకు నిలబెట్టడం – ఈ మూడూ నేటికీ దంతవైద్యానికి పునాదులే.

క్రీ.శ. 1009లో అందలూస్‌లో అంతర్యుద్ధం రేగింది. మదీనతుజ్జహ్రా దోపిడీకి గురై పాడుబడింది. దాదాపు 1013లో జహ్రావీ కన్నుమూశారు. నగరం శిథిలమైనా గ్రంథం నిలిచింది. 12వ శతాబ్దంలో టొలీడో నగరంలో గెరార్డ్ అనే పండితుడు శస్త్రచికిత్స భాగాన్ని లాటిన్‌లోకి అనువదించగా, ఐరోపా వైద్యులు శతాబ్దాలపాటు దాన్ని చదువుకున్నారు. ఆ నగర శిథిలాలను 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

మరి ఆ వైద్యుణ్ణి తలచుకుని గర్వపడే మనం ఎలా ఉన్నాం? గార తీయిస్తే పళ్లు వదులవుతాయనే అపోహ మన ఇళ్లలో ఇంకా ఉంది. నిజానికి పళ్ల చుట్టూ పేరుకున్న గార, దానిపై చేరే క్రిములు చిగుళ్లనూ, పంటిని పట్టి ఉంచే ఎముకనూ తినేస్తాయి. గార తీశాక ఆ నష్టం బయటపడుతుందే తప్ప తీయడం వల్ల వచ్చింది కాదు. ప్రపంచంలో దాదాపు 350 కోట్ల మంది నోటి వ్యాధులతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదికలో తెలిపింది. వీటిలో చాలావరకు నివారించదగినవే. చక్కెర వ్యాధి ఉన్నవారికి చిగుళ్ల జబ్బు త్వరగా వస్తుంది. చిగుళ్ల జబ్బు ముదిరితే చక్కెర అదుపు తప్పుతుంది. గుట్కా, జర్దా నోటి క్యాన్సర్‌కు దారితీస్తాయి.

పేదవాడు పంటి వైద్యాన్ని వాయిదా వేసేది నిర్లక్ష్యంతోనే కాదు, ఖర్చుకు భయపడి కూడా. ఇది మనం ఆలోచించవలసిన విషయం. దంత విభాగాలున్న ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ, దంతవైద్య కళాశాలల్లోనూ తక్కువ ఖర్చుతో పరీక్ష చేస్తారు. ఆ సంగతి తెలిసినవారు తెలియనివారికి చెప్పాలి. మస్జిద్ కమిటీలు, మదర్సాలు దంతవైద్యులను పిలిచి ఏడాదికి ఒకసారైనా పిల్లలకు, పెద్దలకు పరీక్షలు చేయించవచ్చు. మిస్వాక్ గానీ బ్రష్ గానీ, ఫ్లోరైడ్ పేస్టుతో పాటు రాత్రి పడుకునే ముందు కూడా వాడే అలవాటును పిల్లలకు తల్లిదండ్రులే నేర్పాలి.

శరీరం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. పోయిన పన్ను తిరిగి మొలవదు. ఉన్నవాటిని కాపాడుకునే బుద్ధినీ, లేనివారికి వైద్యం అందించే మనసునూ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.